ఇల్లూడ్చే మర - మన బండల ఇళ్లకు పనికొస్తుందా?

జుమా రోజు తెల్లవారిందంటే మన ఇళ్లలో ఒక సందడి. స్నానాలు, ఉతికిన బట్టలు, అత్తరు సీసాలు, కనిపించని పిల్లల టోపీల కోసం వెతుకులాట. మగవారు మస్జిద్‌కు బయలుదేరే వేళకు ఇల్లు అద్దంలా మెరుస్తూ ఉంటుంది. ఆ మెరుపు ఎక్కడినుంచి వచ్చిందని అడిగేవారు అరుదు. ఫజ్ర్ నమాజు ముగించుకొని, కొంగు బిగించి, పొరక చేతపట్టి, ముందు గదినుంచి వెనుక వాకిలిదాకా నడుము వంచి కసువు ఊడ్చి, ఆపైన బక్కెట్టు నీళ్లు పక్కన పెట్టుకొని మోకాళ్లమీద జరుగుతూ బండలు తుడిచిన ఇల్లాలు, ఆ సమయానికి అలసిపోయి వంటింట్లో పొయ్యి దగ్గర ఉంటుంది. మధ్యాహ్నానికి మళ్లీ దుమ్ము. సాయంత్రానికి మళ్లీ పొరక. మన ఇళ్ల మాటలో దీనికి 'ఝాడూ పోచా' అని రెండే మాటలు. రెండు మాటల్లో చెప్పేస్తాము గనుక అది చిన్న పని అనుకుంటాము.

కర్నూలు, కడప సీమలో దుమ్ము సంగతి ఎవరికీ చెప్పనవసరం లేదు. ఎండాకాలం నల్లరేగడి చేలు నెర్రెలు విచ్చుకుంటాయి, ఎర్రనేలలు పిండిలా లేస్తాయి. జూన్, జూలై నెలల్లో వాన రాకముందే గాలి వస్తుంది. కొండలమీది గాలిమరలను తిప్పే ఆ గాలే మన కిటికీల సందుల్లోంచి మట్టిని తెచ్చి మంచాల కింద పోస్తుంది. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, బేతంచెర్ల వైపు బండల పాలిష్ మిషన్లు ఉన్న చోట్ల ఈ మట్టికి రాతిపొడి కూడా తోడవుతుంది. పాత చవుడు మిద్దెల్లో కాపురమున్నవారికి నాలుగు దిక్కులు చాలక పైనుంచి కూడా మట్టి రాలుతుంది. ఊడ్చిన గంటకే కాలి కింద గరగరలాడే నేల ఈ సీమ ఇల్లాళ్లందరికీ తెలిసినదే.

ఇటువంటి ఇళ్లలోకి గత కొన్నేళ్లుగా ఒక కొత్త వస్తువు వచ్చి చేరుతున్నది. గుండ్రంగా పెద్ద పళ్లెమంత ఉంటుంది. వెడల్పు సుమారు 35 సెంటీమీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. బెంగుళూరులోనో గల్ఫ్‌లోనో ఉద్యోగం చేస్తున్న కొడుకు ఈద్‌కు వస్తూ అమ్మీ కోసం తెస్తాడు. దాని పేరు రోబో వాక్యూమ్ క్లీనర్. మేము దీనిని మరచీపురు అంటాము. దానికి చక్రాలు, కింద తిరిగే కుచ్చు, దుమ్మును పీల్చే చిన్న ఫ్యాను, ఆ దుమ్మును దాచే డబ్బా ఉంటాయి. కొన్నింటికి తడిగుడ్డ, నీళ్ల తొట్టి కూడా ఉంటాయి. మీట నొక్కితే తనంతట తానే గదులు తిరిగి, గోడ తగిలితే మళ్లుకొని, పని అయ్యాక తన చార్జింగు పీట దగ్గరకు వెళ్లి నిలబడుతుంది.

మా దగ్గర చదువుకునే పిల్లల తల్లిదండ్రులు దీని గురించి మమ్మల్ని అడుగుతున్నారు. కొందరు ధర సంగతి అడుగుతారు. కొందరు ఇది ఇస్రాఫ్, అంటే దుబారా, కాదా అని అడుగుతారు. మరికొందరు పెద్దవారైతే అడగరు, తీర్పే ఇస్తారు: 'మా అమ్మలు చేయలేదా, మా కాలంలో ఈ మరలున్నాయా, ఇప్పటి కోడళ్లకు నడుము వంగదు' అని. ఈ చివరి మాటకే ముందుగా జవాబు చెప్పదలిచాము.

లెక్కలోకి రాని పని

కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖ 2019లో దేశమంతటా కాల వినియోగ సర్వే జరిపింది. ఇంటిపనిలో చేయిపెట్టే స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు జీతం లేని ఆ పనికి వెచ్చిస్తున్నారని అందులో తేలింది. ఆ 97 నిమిషాలైనా పురుషులందరివీ కావు. ఇంటిపని ముట్టేవారు నూటికి 26 మందే. స్త్రీలలో నూటికి 81 మంది. 2024లో మళ్లీ సర్వే చేస్తే స్త్రీల లెక్క 289 నిమిషాలకు, పురుషుల లెక్క 88 నిమిషాలకు దిగింది. ఐదేళ్లలో గ్యాసు పొయ్యిలు, మిక్సీలు, బట్టలుతికే మిషన్లు ఎన్ని ఇళ్లకు చేరాయో మనకు తెలుసు. అయినా ఇల్లాలి పనిలో తగ్గింది 10 నిమిషాలు. మగవాడు ఆ తగ్గుదలలో తన 9 నిమిషాలు తానూ తగ్గించుకున్నాడు!

ఊడ్చే పని బరువు మన ధర్మగ్రంథాలకు తెలియనిదేమీ కాదు. హజ్రత్ ఫాతిమా (ర) గురించిన ప్రసిద్ధ హదీసును పాఠకులు వినే ఉంటారు. తిరగలి విసిరి విసిరి ఆమె చేతులు కాయలు కాచాయి. అబూదావూద్ గ్రంథంలోని ఉల్లేఖనం మరి రెండు సంగతులు చెబుతుంది. నీళ్ల తిత్తి మోసి మోసి ఆమె రొమ్ముమీద మచ్చ పడింది, ఇల్లు ఊడ్చి ఊడ్చి ఆమె బట్టలు దుమ్ముకొట్టుకుపోయాయి. ఈ సంగతి చెప్పింది ఎవరో కాదు, ఆమె భర్త హజ్రత్ అలీ (ర). భార్య బట్టలమీది దుమ్మును గమనించి, గుర్తుపెట్టుకొని, పదిమందికీ చెప్పిన భర్త ఆయన. తండ్రిగారి వద్దకు సేవకులు వచ్చారని విని ఆమె ఒక ఖాదిమ్‌ను, అంటే పనిమనిషిని, అడగడానికి వెళ్లారు. దైవప్రవక్త (స) ఆ రాత్రి వారి ఇంటికి వచ్చి, పడుకునే ముందు పలకవలసిన తస్బీహ్‌ను, 33 సార్లు, 33 సార్లు, 34 సార్లు, నేర్పి, అది ఖాదిమ్‌కన్నా మేలైనదని చెప్పారు. మస్జిద్ అరుగుమీద ఆకలితో ఉన్న అస్‌హాబె సుఫ్ఫాను వదిలి తన బిడ్డకు ఇవ్వలేనని ఆయన అన్నట్లు మరో ఉల్లేఖనం ఉంది.

ఈ హదీసును చూపి కొందరు, చూశారా, ప్రవక్త బిడ్డకే పనిమనిషి దొరకలేదు, మీకెందుకు అంటారు. మేము ఏళ్లుగా ఈ హదీసు పాఠం చెబుతున్నాము. మాకు అందులో ఆ అర్థం కనిపించలేదు. ఆమె అలసటను ఎవరూ తప్పు పట్టలేదు, సోమరితనం అనలేదు. అడగడాన్ని కూడా తప్పు పట్టలేదు. ఆకలిగొన్నవారి హక్కు ముందన్నారు, అంతే. ఇక ఆయన స్వయంగా ఇంట్లో ఏం చేసేవారని హజ్రత్ ఆయిషా (ర)ను అడిగితే, ఇంటివారి పనిలో ఉండేవారని, నమాజు వేళ అయితే లేచి వెళ్లేవారని ఆమె చెప్పినట్లు బుఖారీలో ఉంది. పొరక ముట్టుకుంటే పరువు పోతుందనుకునే మన మగవారు ఈ హదీసును ఖుత్బాలో విని తల ఊపి ఇంటికి వచ్చి, 'నా చెప్పులెక్కడ' అని కేకేస్తారు.

ఖాదిమ్ అనే ఈ అరబ్బీ మాటే మన సీమలో మరో రూపంలో వినిపిస్తుంది. కడప, రాయచోటి, రాజంపేట వైపు పల్లెల్లో 'ఖద్దామా పనికి కువైట్ పోయింది' అనే మాట తెలియని ఇల్లు ఉండదు. ఖద్దామా అంటే ఇంటి పనిమనిషి. సొంత ఇంట్లో పొరక పట్టిన చేతులే సముద్రం దాటి, పరాయి ఇంట్లో అదే నేలను తుడుస్తాయి. అక్కడ తుడిస్తే జీతం, ఇక్కడ తుడిస్తే ఏమీ లేదు. ఇ.సి.ఆర్. ముద్ర ఉన్న పాస్‌పోర్టుపై 30 ఏళ్లు నిండని స్త్రీలను ఇంటిపనికి గల్ఫ్ దేశాలకు పంపరాదని మన ప్రభుత్వం నియమం పెట్టవలసి వచ్చిందంటే, ఆ పనిలో ఎంత కష్టం, ఎంత ప్రమాదం ఉందో ఊహించవచ్చు. ఇల్లు ఊడ్వడం పని కాదనేవారు, కువైట్ నుంచి నెలనెలా వచ్చే డబ్బుతో కట్టిన మిద్దెలను ఒకసారి చూసి రావాలి.

మనిషి చేసే సేవను మరకు అప్పగించాలనే ఆలోచన కూడా మనకు పరాయిది కాదు. నేటి తుర్కియేలోని దియార్‌బకిర్‌లో అర్తుకీ సుల్తానుల కొలువులో పనిచేసిన ఇస్మాయీల్ అల్ జజరీ, 1206లో పూర్తిచేసిన తన గ్రంథంలో యాభై యంత్రాలను బొమ్మలతో వివరించాడు. వాటిలో వుజూ యంత్రాలు కూడా ఉన్నాయి. తన చేతులమీద సేవకులు నీళ్లు పోయడం సుల్తానుకు ఇష్టం లేక, మరొక మార్గం చూడమన్నాడని జజరీ స్వయంగా రాసుకున్నాడు. నెమలి ముక్కునుంచి నీళ్లు పడుతుంటే, చిన్న బొమ్మ ఒకటి బయటికి వచ్చి చేతులు కడుక్కునే పొడినీ, మరో బొమ్మ తువ్వాలునూ అందించే ఏర్పాటు చేశాడు. ఎనిమిది వందల ఏళ్లనాటి మాట ఇది.

దుమ్ము పీల్చే మర చరిత్ర అంత పాతది కాదు. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు తయారుచేసిన యంత్రాన్ని గుర్రపు బండిమీద తెచ్చి వీధిలో నిలిపి, కిటికీల్లోంచి గొట్టాలు లోపలికి పంపేవారు. అమెరికాలో జేమ్స్ మరే స్పాంగ్లర్ అనే ఆయన ఒక దుకాణ భవనంలో ఊడ్చే పనివాడు. ఉబ్బసం మనిషి. పొరక దుమ్ముతో ఊపిరాడక, ఫ్యానూ దిండు గలీబూ కలిపి సొంతంగా ఒక మర కట్టుకున్నాడు. 1908లో దానికి పేటెంటు పొంది, హూవర్ అనే వ్యాపారికి అమ్మాడు. ఊడ్చేవాడి రొమ్ము నొప్పినుంచి పుట్టిన వస్తువు ఇది అని గుర్తుంచుకోవాలి. మన దేశంలో 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్ కంపెనీ ఏజెంట్లు టై కట్టుకొని, ఇంటింటి తలుపు తట్టి, దివాన్ పరుపులోంచి దుమ్ము లాగి చూపించడం నడివయసు పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ మరను పట్టుకొని మనిషే తిరగాలి. మనిషి అవసరం లేకుండా తిరిగే మొదటి ఇంటి మరను స్వీడన్‌కు చెందిన ఎలక్ట్రోలక్స్ 2001లో అమ్మకానికి పెట్టింది. 2002లో అమెరికాలో ఐరోబోట్ కంపెనీ 'రూంబా' తెచ్చాక ఆ వస్తువు పేరు లోకమంతా పాకింది.

గడప ముందు ఆగే మర

ఇప్పుడు అసలు ప్రశ్న. మన ఇళ్లలో ఇది పనిచేస్తుందా?

ఈ మరలన్నీ నున్నటి చదునైన నేలలున్న ఇళ్లను చూసి చేసినవి. కడప అనే ఊరి పేరే 'గడప' అనే మాటనుంచి వచ్చిందని, తిరుమలకు ఇది గడప వంటిదని పెద్దలు చెబుతారు. ఆ గడపే మరచీపురుకు మొదటి శత్రువు. మామూలు మరచీపురు 2 సెంటీమీటర్ల ఎత్తు మించి ఎక్కలేదు. తేలు, జెర్రి, వాననీళ్లు లోపలికి రాకుండా మన పూర్వీకులు పెట్టిన రాతి గడపలు, కొయ్య గడపలు అంతకు రెండు మూడు రెట్లుంటాయి. కనుక ఒక గదిలో ఊడ్చాక మరను చేత్తో ఎత్తి మరో గదిలో పెట్టాలి. మూడున్నర కిలోల బరువు. మోకాళ్ల నొప్పులున్న దాదీమా కోసం కొన్న మరను దాదీమాయే గడప గడపకూ మోయవలసి వస్తే ఆ సుఖమేపాటిదో ఆలోచించండి. గడపల్లేని కొత్త ఫ్లాటుల్లో ఈ ఇబ్బంది లేదు.

రెండోది మన కడప బండ. నూనె రుద్ది నిగనిగలాడించిన నల్లబండలంటే మనకు గర్వమే. మరచీపురు మెట్లమీదినుంచి పడిపోకుండా దాని కడుపు కింద కంటికి కనిపించని పరారుణ కిరణాలు పంపే చిన్న కళ్లుంటాయి. నేలకు తగిలి కిరణం తిరిగి వస్తే నేల ఉన్నట్టు, రాకపోతే గుంత ఉన్నట్టు. నలుపు ఆ కిరణాన్ని మింగివేస్తుంది. అందువల్ల కొన్ని రకాల మరలు నల్లటి నేలను చూసి బావి అనుకొని అక్కడే ఆగిపోతాయి, లేదా వెనక్కి మళ్లుతాయి. తెలుపు, బూడిదరంగు, పసుపు ఛాయల బేతంచెర్ల బండలున్న ఇంట్లో ఇదే మర చక్కగా తిరుగుతుంది. అంగడివాడు ఈ తేడా చెప్పడు, అతనికి తెలియనూ తెలియదు. ఇక పాత ఇళ్లలో బండకూ బండకూ మధ్య సున్నం ఊడిపోయి సందులు పడి ఉంటాయి. ఆ సందులోని మట్టి మరకు అందదు. దానికి పొరక కొసే కావాలి.

మూడోది నేలమీద మన బతుకు. మనం కింద కూర్చొని దస్తర్‌ఖాన్ పరచుకొని తినే మనుషులం. రాలిన పొడి మెతుకును మర పీల్చుకుంటుంది. ఒలికిన సాలన్‌ను మాత్రం గది నిండా పూస్తుంది. మడిచి పెట్టని జానమాజ్ కుచ్చులు, మంచం అంచున వేలాడే దుప్పటి, పిల్లల లాగుల బొందులు, ఫోను చార్జింగు తీగ, ఏది దొరికినా అది మర కుచ్చుకు చుట్టుకొని, మర మొండికేసి అరుస్తుంది. ఆడపిల్లల పొడవాటి వెంట్రుకలు ఆ కుచ్చుకు దారపు ఉండలా పేనుకుంటాయి. వారానికి ఒకసారైనా కత్తెరతో కోసి తీయాలి. అందువల్ల మరను వదిలే ముందు నేలమీది వస్తువులన్నీ ఎవరో ఒకరు ఎత్తిపెట్టాలి.

ఆ ఎవరో ఒకరు ఎవరన్నది ఇంట్లో ముందే తేల్చుకోవాలి. చెప్పులు, సంచులు, పిల్లల పుస్తకాలు, నిన్నటి పేపరు, అన్నీ ఇల్లాలే వంగి ఎత్తి, గడపలు దాటించి, కుచ్చు శుభ్రం చేసి, డబ్బా దులపాలంటే, పొరక పోయి పొరక వంటి మరో నాలుగు పనులు వచ్చాయన్నమాట. ఎవరి వస్తువు వారు ఎత్తుకునే ఇంట్లోనే మరచీపురు మనిషి పని తగ్గిస్తుంది. ఒక పూట పది నిమిషాలు మగపిల్లలకు ఈ పని అప్పగించండి. మర ఆడించడమంటే వారికి ఎలాగూ సరదా, ఆ సరదా తీరిపోకముందే అలవాటు చేయాలి.

డబ్బా చాలా చిన్నది. సాధారణంగా అర లీటరుకు మించదు. జూలై గాలి రోజుల్లో మన ముందు గది ఒక్కటే దానిని నింపివేస్తుంది. డబ్బాను ఇంట్లో దులపకండి, బయట, గాలికి ఎదురు కాకుండా నిలబడి, మూతికి గుడ్డ కట్టుకొని దులపండి. పొరకతో పొడిగా ఊడిస్తే లేచే దుమ్ము ఉబ్బసం ఉన్నవారి రొమ్ములోకి పోతుంది, మర ఆ దుమ్మును చాలావరకు లేవనీయకుండా పీల్చుకుంటుంది. ఇది దాని అసలైన మేలు. ఆ మేలును డబ్బా దులిపే చోట పోగొట్టుకోకూడదు. లోపలి వడపోత కాగితం మట్టితో మూసుకుపోతే పీల్చే బలం తగ్గుతుంది, దానిని దులుపుతూ, కాలం తీరాక మార్చాలి.

తడిగుడ్డ ఉన్న మరలకు మన బోరు నీళ్లు పడవు. కుండలో, బక్కెట్టులో తెల్లగా పేరుకునే ఆ సున్నమే మర తొట్టి సన్నని రంధ్రాల్లోనూ పేరుకుంటుంది. తాగే ఫిల్టరు నీళ్లు ఒక గ్లాసెడు పోస్తే సరిపోతుంది.

ఇక్కడ ఒక మసలా కూడా చెప్పాలి. సఫాయీ వేరు, పాకీ వేరు. దుమ్ము లేని నేల శుభ్రమైనది కావచ్చు, నమాజుకు పాక్ అయినది కావాలని లేదు. పసిబిడ్డ మూత్రం పోసిన చోటికి మరచీపురు తడిగుడ్డతో వెళితే, ఆ నజాసత్‌ను అది ఇల్లంతా తిప్పుతుంది. ముందు ఆ చోటిని చేత్తో తుడిచి, శుభ్రమైన నీళ్లతో కడిగి, ఆ తర్వాతే మరను వదలాలి. పాలుతాగే బిడ్డలున్న ఇళ్లలో తడిగుడ్డ తీసివేసి, పొడిగా ఊడ్వడానికి మాత్రమే వాడుకోవడం మంచిదని మా అభిప్రాయం.

కన్ను ఉన్న ఖాదిమ్

ఇది అన్నిటికన్నా జాగ్రత్తగా చదవవలసిన సంగతి. కొన్ని ఖరీదైన మరచీపుర్లకు కెమెరా ఉంటుంది. దారిలో ఉన్న చెప్పును, తీగను గుర్తుపట్టడానికి అది పెట్టారు. ఇంట్లో స్త్రీలు తల కప్పుకోకుండా తిరిగే వేళల్లో, పడక గదిలో, ఆ కెమెరా కూడా తిరుగుతుంది. 2022 డిసెంబరులో అమెరికాలోని ఎం.ఐ.టి. టెక్నాలజీ రివ్యూ పత్రిక ఒక కథనం ప్రచురించింది. పరీక్షకోసం కొన్ని ఇళ్లలో ఉంచిన రూంబా మరలు 2020లో తీసిన ఫోటోలు, వాటికి పేర్లు గుర్తించే పని చేసే వెనిజులా కూలీల ద్వారా ఫేస్‌బుక్‌లోకి జారిపోయాయి. మరుగుదొడ్డిలో కూర్చున్న ఒక స్త్రీ ఫోటో కూడా వాటిలో ఉంది. అవి అమ్మకానికి పెట్టినవి కావని, అనుమతి ఇచ్చినవారి ఇళ్లలోని ప్రయోగపు మరలని కంపెనీ సమాధానం చెప్పింది. 2024 మేలో అమెరికాలోని కొన్ని నగరాల్లో ఎకోవాక్స్ కంపెనీ మరలను దొంగదారిన వశపరచుకున్నవారు, వాటి స్పీకరులోంచి ఇంటివారిని బూతులు తిట్టారు.

పరాయివాడు ఇంట్లో అడుగుపెట్టే ముందు మూడుసార్లు అనుమతి అడగాలని నేర్చుకున్న మనం, అనుమతి అడగని కన్నును డబ్బిచ్చి లోపలికి తెచ్చుకోనక్కరలేదు. కెమెరా లేని మరలు చాలా ఉన్నాయి. తలమీద చిన్న బొడిపెలాంటిది ఉండి లేజరు కాంతితో గోడల దూరం కొలుచుకునేవి ఇల్లెలా ఉందో గీతల్లో తెలుసుకుంటాయే తప్ప మనుషుల ఫోటోలు తీయవు. అయితే బొడిపె ఉన్నవాటికి కూడా కొన్నిటికి ముందువైపు కెమెరా అమర్చుతున్నారు. కనుక అంగట్లో 'కెమెరా ఉందా లేదా' అని సూటిగా అడిగి, పెట్టెమీద చదివించుకోండి. అలాగే ఫోను, ఇంటర్నెట్టు లేకుండా మరమీది మీట నొక్కితే పనిచేసేదే కొనండి. రూంబాను లోకానికి పరిచయం చేసిన ఐరోబోట్ కంపెనీయే 2025 డిసెంబరులో దివాలా పిటిషను పెట్టుకుంది. ఎక్కడో దూరదేశంలోని కంపెనీ నిలబడితేనే మన ముందు గది ఊడ్వబడుతుందనే పరిస్థితి తెచ్చుకోకూడదు.

పనిమనిషి సంగతి చెప్పకపోతే అన్యాయమవుతుంది. మన మొహల్లాల్లో నాలుగైదు ఇళ్లలో ఝాడూ పోచా చేసి పిల్లల్ని చదివించుకునే స్త్రీలున్నారు. వారిలో వితంతువులున్నారు, భర్త వదిలేసినవారున్నారు. మర కొనగానే ఆమెను మానిపించి, ఆ జీతంతో మర ఖరీదు తీరుతుందని లెక్క వేసేవారు మాకు తారసపడ్డారు. ఆ లెక్క మాకు నచ్చలేదు. మూలలు, మెట్లు, వాకిలి, కిటికీ చట్రాలు, సాలెగూళ్లు, స్నానాల గది మరకు చేతకావు. ఆమెకు వంగి ఊడ్చే పని తగ్గించి, ఈ పనులు ఉంచి, జీతం అలాగే ఉంచండి. ఆమెకూ ఒక నడుము ఉంది. 2021లో కేంద్రం మొదలుపెట్టిన ఇ-శ్రమ్ జాబితాలో ఇంటి పనివారు కూడా పేరు నమోదు చేసుకోవచ్చు. చదువురాని ఆమెకు ఆ నమోదు చేయించడం మన ఇంట్లోని కాలేజీ పిల్లలకు అరగంట పని.

ధర 10, 15 వేల నుంచి మొదలై లక్ష దాటేదాకా ఉంది. డబ్బా తనే దులుపుకొని, గుడ్డ తనే ఉతుక్కునే రకాలు ఖరీదైనవి. మన ఇళ్లకు అవి అక్కరలేదు. వడ్డీతో కూడిన నెల వాయిదాలకు కొనడం మాత్రం ఎంతమాత్రం తగదు. నడుముకు ఊరట కోసం మెడకు అప్పు చుట్టుకోరాదు. కర్నూలులోనో కడపలోనో కొన్నా, మరమ్మతు కోసం హైదరాబాదుకో బెంగుళూరుకో పంపవలసి రావచ్చు. బ్యాటరీ కొన్నేళ్లకు బలహీనపడుతుంది. బ్యాటరీ, కుచ్చులు, వడపోత కాగితం విడిగా దొరుకుతాయో లేదో కొనకముందే తెలుసుకొని, బిల్లు భద్రపరచుకోండి.

ఇస్రాఫ్ అవునా కాదా అన్న ప్రశ్నకు మా జవాబు ఇంటింటికీ వేరు. అప్పు లేకుండా కొనగలిగి, గడపలు లేని చదును నేల ఉండి, ఇంట్లో నడుము నొప్పి, ఉబ్బసం, నిండు గర్భం, వృద్ధాప్యం వంటివి ఉన్నచోట ఇది దుబారా కాదు. మూడువందల మంది వలీమాకు పెట్టే ఖర్చుమీద రాని ప్రశ్న, ఇల్లాలి నడుముకు పెట్టే ఖర్చుమీద ఎందుకు వస్తుందో మాకు అర్థం కాదు. పక్కింటివాళ్లు కొన్నారని కొని, పది రోజులు ఆడించి, అటకమీద పెట్టేవారికి మాత్రం అది నిస్సందేహంగా ఇస్రాఫే.

కొనదలచినవారు షాబాన్ నెల రాకముందే చూసుకోవడం మేలు. రమజాన్ ముందు ఇల్లంతా దులిపే హడావుడిలో కొత్త వస్తువు నేర్చుకునే ఓపిక ఎవరికీ ఉండదు. బంధువుల ఇంట్లో ఎవరికైనా ఇప్పటికే ఉంటే, ఒక పూట అడిగి తెచ్చుకొని మీ ఇంట్లో వదిలి చూడండి. ఏ గడప దగ్గర ఆగింది, ఏ నల్లబండను చూసి బెదిరింది, ఏ మంచం కింద ఇరుక్కుంది, అరగంటలో తెలిసిపోతుంది. మీ ఇంటికి పడదని తేలితే, పొడుగు కర్ర ఉన్న పొరక, నిలబడి తుడిచే గుడ్డకర్ర కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి. కొనేటప్పుడు కర్రను నిలబెట్టి చూడండి. దాని పై కొస ఊడ్చేవారి భుజం దాకా రావాలి, అంతకన్నా పొట్టిదైతే మళ్లీ వంగవలసి వస్తుంది.